మొదటి షిఫ్టు వేళ ముహూర్తం

మా నాన్న చెయ్యెత్తితే భిలాయి మొత్తం ఆగిపోతుందని నేను చాలాకాలం నమ్మాను. కళ్ళారా చూసినదాన్ని నమ్మకేం చేస్తాను? కార్మికులుండే క్యాంప్ 2 వైపు నుంచి వచ్చే దారి, లారీలు నడిచే పెద్ద రోడ్డులో కలిసే చోట, సరిగ్గా నడిమధ్యన ఆయన నిలబడేవాడు. ఇంకా పూర్తిగా తెల్లారేది కాదు. చలికాలమైతే మంచులో కూడలి సగమే కనిపించేది. ఆ మంచులోంచి ముందు సైకిల్ గంటలు వినిపించేవి, తర్వాత చక్రాల చప్పుడు, ఆ తర్వాతే మనుషులు వచ్చేవారు. మొదటి షిఫ్టుకి వెళ్ళేవాళ్ళు. హ్యాండిల్‌కి టిఫిన్ క్యారియర్లు, చెవుల చుట్టూ మఫ్లర్లు, మాటా పలుకూ లేకుండా వందల సైకిళ్ళు. నాన్న కుడిచెయ్యి లేచేది. అందరూ ఒక కాలు నేలకి ఆనించి నిలబడిపోయేవారు. లారీలు రెండో మూడో రొప్పుతూ దాటిపోయేవి. ఆయన చెయ్యి దింపితే సైకిళ్ళు మళ్ళీ కదిలేవి.

వాళ్ళ వెనకాల ఆకాశం ఒక పక్క ఎర్రగా ఉండేది. అది సూర్యుడి ఎరుపో, ఉక్కు ప్లాంటులో కొలిమి మడ్డి, ఆ వేడి స్లాగు, పారబోస్తే వచ్చే ఎరుపో నాకు తెలిసేది కాదు. నన్ను కూడా తీసుకెళ్ళమని రాత్రి గోల చేసి, తీరా వెళ్ళాక టీ బడ్డీ బెంచీ మీద దుప్పటి కప్పుకుని సగం నిద్రలో కూర్చునేదాన్ని. కళ్ళు మూతలు పడేవి. తెరిచినప్పుడల్లా నాన్న అక్కడే ఉండేవాడు. ఏది కలో, ఏది కూడలో తేడా తెలియని ఆ ఉదయాలే ఇప్పటికీ నాకు చిన్నతనం అంటే గుర్తొస్తాయి.

ఆయన్ని అక్కడ నిలబడమని ఎవరూ చెప్పలేదు. ఆయన ఉద్యోగం ప్లాంటు గేటు దగ్గర, అది కూడా పగటి పూట. సైన్యం నుంచి రిటైరై భిలాయి వచ్చిన మొదటి వారంలోనే ఆ కూడలి చూశాడట. సిగ్నల్ లేదు, పోలీసు లేడు. మర్నాడే ఒక విజిలూ తెల్ల గ్లవ్సూ కొనుక్కుని వెళ్ళి నిలబడ్డాడు. అప్పటి నుంచి జ్వరం వచ్చినా, వాన పడినా, పండగైనా మానలేదు. సైకిళ్ళవాళ్ళు ఆయన్ని ‘మిలట్రీ బాబూజీ’ అనేవారు. మా అమ్మ మాత్రం ఆ కూడలిని ‘మీ నాన్న రెండో కాపరం’ అనేది.

సైన్యంలో ఆయన మిలటరీ పోలీసు. ఈ మాట చెబితే మా చుట్టుపక్కల తెలుగువాళ్ళకి ఎప్పుడూ సగమే అర్థమయ్యేది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ప్లాంటులో స్థిరపడ్డవాళ్ళు అందరూ. “పోలీసా, మిలట్రీయా? రెండిట్లో ఏటో ఒకటి సెప్పండి బాబూ” అని పక్క క్వార్టరు మావయ్య ఆటపట్టించేవాడు. సైనికులకీ పోలీసులుంటారనీ, యుద్ధంలో బళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి ఏ దారిన వెళ్ళాలో చెయ్యెత్తి చూపించేది వాళ్ళేననీ నాన్న ఒకసారి ఓపిగ్గా చెప్పాడు. మావయ్య అంతా విని, “అయితే తుపాకీ నేదేటి?” అన్నాడు. నాన్న నవ్వేశాడు.

ఆయనకి సాహసానికి ఇచ్చిన మెడల్ ఉంది. డెబ్బయ్యొకటి యుద్ధంలో, తగలబడుతున్న లారీలోంచి డ్రైవర్ని బయటికి లాగినందుకు ఇచ్చారు. మాకు తెలిసింది అంతే. అమ్మ దాన్ని దేవుడి మందిరంలో పెట్టింది. విశ్వకర్మ పూజనాడు ఊరంతా మిషన్లకి బొట్టు పెడుతుంటే, మా ఇంట్లో కుట్టుమిషనుకీ, నాన్న సైకిలుకీ, ఆ మెడల్‌కీ కుంకుమ పడేది. నాన్న సైకిలుకి దణ్ణం పెట్టేవాడు. మెడల్ వైపు చూసేవాడు కాదు. అది ఆయన వినయం అనుకున్నాం. రిపబ్లిక్ డే నాడు తగిలించుకోండని అమ్మ ఏటేటా పోరేది, ఆయన ఏటేటా చెవిన వేసుకునేవాడు కాదు.

తొంభైల నడుమ నా పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు వాళ్ళది విశాఖపట్నం, రైల్వే కుటుంబం. మంచి మనుషులు. పెట్టుపోతల గొడవేమీ లేదు. ముహూర్తం దగ్గరే చిక్కంతా వచ్చింది.

భిలాయిలో పెళ్ళి పెట్టుకోవాలంటే పంచాంగం ఒక్కటీ చూస్తే చాలదు, షిఫ్టులు కూడా చూడాలి. మా పంతులుగారికి అది వెన్నతో పెట్టిన విద్య. నక్షత్రం అడిగాక రెండో ప్రశ్న, “మీ వాళ్ళలో ఎక్కువమంది ఏ షిఫ్టమ్మా?” అనే అడిగేవాడు. అమ్మా పంతులుగారూ కూర్చుని ఒక పూటంతా లెక్కలు కట్టారు. పగటి డ్యూటీవాళ్ళు అక్షింతలు వేసి, టిఫిను తిని డ్యూటీకి వెళ్ళిపోవాలి. రాత్రి షిఫ్టువాళ్ళు గేటు దాటి తిన్నగా పందిట్లోకి రావాలి. మొదటి షిఫ్టువాళ్ళు ఎలాగూ రాలేరు కాబట్టి వాళ్ళకి సాయంత్రం భోజనాలు. అన్నీ సరిపోయే ముహూర్తం దొరికింది, తెల్లవారుజామున. అమ్మ సంబరం అంతా ఇంతా కాదు. వియ్యాలవారికి కబురు వెళ్ళింది, వాళ్ళు మా పక్కనే ఉన్న దుర్గ్‌ స్టేషనుకి రైలు టిక్కెట్లు కొనేసుకున్నారు, శుభలేఖలు అచ్చయి వచ్చాయి.

ఒక శుభలేఖకి నాలుగు మూలలా పసుపు రాసి అమ్మ పైకి చదివింది. నాన్న బూట్లకి పాలిష్ చేసుకుంటున్నాడు. ముహూర్తం దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతిలో బ్రష్ ఆగిపోయింది. అమ్మ ఆయన మొహం చూసింది, శుభలేఖ చూసింది, నుదురు కొట్టుకుంది.

“ఓలమ్మో! అందరి షిఫ్టులూ సూసేను గానీ ఈయన కూడలి మర్సిపోయేను!”

అది జీతం వచ్చే పని కాదు, రోస్టర్లో ఉండదు. అందుకే ఎవరికీ తట్టలేదు, నాకు కూడా.

“ఒక్క రోజుకి ఎవులినైనా నిలబెట్టండి, ఏటైపోద్ది?” అంది అమ్మ.

“ఎవులో ఒకలు ఉంటార్లే అనుకోకూడదే” అన్నాడు నాన్న. ఆ తర్వాత ఎంత అడిగినా బూట్లు పాలిష్ చేసుకుంటూనే ఉన్నాడు.

కావాలని నన్ను నొప్పించే మనిషి కాదు. అదే నాకు ఇంకా మండింది. ఊరి నుంచి వచ్చిన పెదనాన్న, “నానూ మీ పెదమ్మా కూకుంటాం పీటల మీద. కన్నేదానం ఎవులు సేస్తే ఏటి, అంతా ఒకటే ఇల్లు” అన్నాడు. పెదనాన్న బంగారం లాంటి మనిషే. కానీ నా చెయ్యి పెళ్ళికొడుకు చేతిలో పెట్టేది నా తండ్రే కావాలి. రోడ్డు మీద ఎవరికో దారి చూపించడానికి కన్నకూతురి పెళ్ళి మానేస్తాడా? నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు తెల్లవారకుండానే శాలువా కప్పుకుని నేరుగా కూడలికి వెళ్ళాను, అక్కడే తేల్చుకుందామని.

చాలా ఏళ్ళ తర్వాత వెళ్ళడం. ఆ బెంచీ మీదే కూర్చున్నాను. బడ్డీ పెట్టుకున్న ఛత్తీస్‌గఢీ ముసలాయన నన్ను గుర్తుపట్టి, “బైఠో బిటియా” అని అల్లం టీ ఇచ్చాడు. మంచు బాగా పట్టింది. నాన్న ఎక్కడున్నాడో ముందు కనపడలేదు. గ్లవ్సు రెండూ గాలిలో తెల్లగా కదలడం కనిపించింది, తర్వాత మనిషి కనిపించాడు. సైకిళ్ళు వస్తున్నాయి, ఆగుతున్నాయి, పోతున్నాయి. దాటేవాళ్ళలో కొందరు తల కొద్దిగా వంచేవారు. ఆయన ఎవరి వైపూ చూసేవాడు కాదు, ఎప్పుడూ వెనక వచ్చేవాళ్ళ వైపే చూసేవాడు. అలా చూస్తూ కూర్చుంటే నా కోపం నా చేతిలోంచి జారిపోయింది, టీ గ్లాసు మాత్రం మిగిలింది. మళ్ళీ ఆరేళ్ళ పిల్లనైపోయినట్టు అనిపించింది. ఎంతసేపు గడిచిందో తెలియదు. మంచు పలచబడి, రోడ్డు ఖాళీ అయ్యాక నాన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

“పెళ్ళికూతురివి, పొలిమేర దాటొచ్చీసేవేటే?” అన్నాడు.

“నువ్వు రానంటే నేను రావాలి కదా” అన్నాను. “ఒక్క ఉదయం నాన్నా. ఒక్కటి. వీళ్ళు నీకేమవుతారు?”

ఆయన గ్లవ్సు తీసి మోకాలి మీద పెట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ సవరించాడు. తర్వాత చెప్పాడు. ఇన్నేళ్ళలో అమ్మకి కూడా చెప్పనిది, ఎవరి ఇంటికో దారి చెబుతున్నంత మామూలుగా చెప్పాడు.

“నది మీద వంతెన. ఇవతల రెండు దార్లు సీలే కాడ నా పాయింటు. బళ్ళన్నీ ఎడమ దార్న పంపాల. కుడి దార్న మందుపాతర్లు ఇంకా తియ్యనేదు. ఆఖరి బండి దాటీదాకా నేను కదలకూడదు, అదే హుకుం. విమానాలొచ్చీసేయి. బాంబులేసీసేరు. అప్పుడు కదల్నేదు. ఓ లారీ అంటుకుంది, డ్రైవరు లోపల ఇరుక్కుపోయి అరుస్తన్నాడు. పాయింటు ఎవులో ఒకలు సూసుకుంటార్లే అనుకున్నాను. పరిగెట్టీసేను. ఆడ్ని లాగీసేను.”

టీ ఒక గుక్క తాగాడు.

“ఎనక్కి తిరిగేసరికి పొగ. ఆ పొగలో ఎనకాలొచ్చిన బండికి కూడల్లో ఎవులూ కనపడనేదు. కుడి దార్న ఎల్లిపోయింది. నేను సూడనేదు, సప్పుడు ఇన్నాను.”

బడ్డీవాడు స్టవ్ పంపు కొడుతున్నాడు.

“బతికినోడి మొకం ఇప్పుడు గుర్తు కూడా నేదమ్మా. ఆ బండిలోవోల్ల మొకాలు సూడనే నేదు, అయే కలలోకొస్తాయి. మెడల్ మనిసిని లాగినందుకిచ్చేరు. పాయింటు ఒదిలీసినందుకు ఎవులూ ఏటీ అన్నేదు. ఒక్కలైనా ఓ మాట అనుంటే బాగుణ్ను.”

మందిరంలో అమ్మ దానికి బొట్టు పెడుతున్నప్పుడు ఆయన ఎందుకు తల తిప్పుకునేవాడో అప్పుడు తెలిసింది. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. మోటుగా, చల్లగా ఉంది. రమ్మని మళ్ళీ అడగడానికి నాకు మనసు రాలేదు. “నీ ఇష్టం నాన్నా. నువ్వు రాకపోయినా నేను ఏమీ అనుకోను” అన్నాను. అది అబద్ధం. రాకపోతే నా గుండె పగిలిపోతుందని నాకు తెలుసు. ఆయనకీ తెలుసనుకుంటాను. నన్ను సైకిల్ వెనక ఎక్కించుకుని, పెళ్ళికూతురు అలా రోడ్ల మీద తిరక్కూడదని దారంతా మందలిస్తూ ఇంటికి తీసుకొచ్చాడు.

పెళ్ళి మా క్వార్టరు ముందు వీధిలోనే. షామియానా వేశారు, సుపేలా బజారు నుంచి కుర్చీలూ వంటపాత్రలూ వచ్చాయి. ముందు రోజు సాయంత్రం మగపెళ్ళివారు దుర్గ్‌లో దిగారు. నాన్న వాళ్ళని ఎదురెళ్ళి తీసుకొచ్చాడు, అందరికీ మర్యాదలు చేశాడు, నవ్వాడు. మర్నాడు ఎక్కడుంటాడన్నది మాత్రం ఎవరికీ చెప్పలేదు. అమ్మ పెదనాన్నకి కూడా పట్టుపంచె తీసి ఉంచింది. రెండు పంచెలూ మంచం మీద పక్కపక్కనే పెట్టి ఉన్నాయి.

తెల్లవారుజామున నాకు చుట్టూ జరిగేదంతా నీళ్ళలోంచి చూస్తున్నట్టే ఉంది. సన్నాయి, సాంబ్రాణి, మంచు, ఎవరో నా జడలో పూలు సర్దడం. గౌరీపూజ దగ్గర కూర్చుని కిటికీలోంచి చూశాను. నాన్న సైకిలు గోడకి లేదు. ఆ ఖాళీ గోడని ఎంతసేపు చూశానో. పిన్ని వచ్చి, “కళ్ళు తుడుసుకోయే, కాటుక కారిపోద్ది” అంది. నేను ఏడుస్తున్నట్టు నాకే తెలియదు.

మేనమామ నన్ను బుట్టలో ఎత్తుకుని పందిట్లోకి తీసుకెళ్ళాడు. తల వంచుకునే ఉన్నాను. పీటల మీద ఎవరున్నారో చూసే ధైర్యం లేదు. మంత్రాల మధ్య పంతులుగారు, “కన్యాదాత కుడిచెయ్యి” అన్నాడు. నా చేతి కిందికి ఒక చెయ్యి వచ్చింది. మోటుగా, చల్లగా.

తర్వాత అమ్మ చెప్పింది. ఆయన ఎప్పటిలాగే విజిలూ గ్లవ్సూ తీసుకుని సైకిలెక్కి వెళ్ళాడట. వీధి చివరిదాకా వెళ్ళి, అక్కడ చాలాసేపు సైకిలు పట్టుకుని నిలబడ్డాడట. తిరిగొచ్చి సైకిలు దొడ్లో పెట్టి, నూతి దగ్గర చన్నీళ్ళు పోసుకుని, పట్టుపంచె కట్టుకుని, వెళ్ళి పీటల మీద కూర్చున్నాడట.

నా చెయ్యి పెళ్ళికొడుకు చేతిలో ఉంది, కింద నాన్న చెయ్యి, పైనుంచి అమ్మ నీళ్ళ ధార పోస్తోంది. అప్పుడే మొదటి షిఫ్టుకి ప్లాంటు సైరన్ మోగింది. నాన్న చెయ్యి ఒక్కసారి అదిరి పైకి లేవబోయింది. నీళ్ళు పక్కకి చిమ్మి పంతులుగారి మీద పడ్డాయి. నేను వేళ్ళు బిగించి పట్టుకున్నాను. సైరన్ మోగుతూనే ఉంది. ఆయన మెడ నరాలు ఉబికి, కళ్ళు ఎక్కడో ఉన్నాయి. ఆ క్షణంలో నాకు పెళ్ళి లేదు, పెళ్ళికొడుకు లేడు. ఆ మనిషిని పోనివ్వకుండా పట్టుకోవడం ఒక్కటే ఉంది. ఆయన కూడా నా చెయ్యి విడిపించుకోలేదు. సైరన్ ఆగాక ఊపిరి వదిలి, పంతులుగారు చెప్పిన మంత్రం మెల్లిగా తిరిగి చెప్పాడు.

తలంబ్రాలు అయ్యేసరికి నాన్న కనపడలేదు. ఎవరో వెతికారు, ఎవరో వంటల దగ్గర ఉన్నాడన్నారు. నాకు తెలుసు ఎక్కడికి వెళ్ళాడో. తినమని పెట్టిన మిఠాయి పక్కన పెట్టేశాను. అక్కడ ఏదైనా జరిగి ఉంటే అది నా పెళ్ళి వల్లే. ఆయన ఇక జీవితాంతం నా మొహం చూసినప్పుడల్లా ఆ చప్పుడే వింటాడు. అత్తగారు అది కొత్త పెళ్ళికూతురి బెంగ అనుకుని మంచినీళ్ళు తాగించింది.

అప్పగింతల వేళకి వచ్చాడు. పసుపు నీళ్ళ మరకలున్న పట్టుపంచె, నుదుట గంధం, కాళ్ళకి రోడ్డు దుమ్ము. పాలపళ్ళెంలో నా చేతులు ముంచి అత్తగారి చేతుల్లో పెట్టాలి. నా చేతులు పట్టుకోగానే ఆయన భుజాలు కదిలిపోయాయి. మా నాన్న ఏడవడం నేను పుట్టాక చూడలేదు. చిన్నపిల్లాడిలా, అందరి ముందూ, మొహం కూడా దాచుకోకుండా వెక్కివెక్కి ఏడ్చాడు. “ఆడపిల్ల తండ్రి గదా, మిలట్రీ అయితే మాత్రం ఏటి” అని పక్క క్వార్టరు మావయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నాన్న వంగి నా చెవిలో అన్నాడు.

“సైకిళ్ళోలంతా నా కోసం సూసేరంట. ఎంతకీ రానేదని, అందరూ దిగీసి, లారీలు పోనిచ్చి, నడిసి దాటేరంట. టీ బడ్డీవోడు సెప్పేడు. ఒక్కలు కూడా ఎక్కి తొక్కనేదంట తల్లీ.”

నేను నవ్వానో ఏడ్చానో నాకు గుర్తులేదు. నా చేతులు, ఆయన చేతులు, పాలు అన్నీ ఒకటైపోయి కారుతున్నాయి.

అత్తగారికి ఆయన్ని చూసి జాలేసింది. దగ్గరికి వచ్చి, “ఊరుకోండి అన్నయ్యగారూ. మీ పిల్ల మా పిల్లే. దానికేటీ అవదు, నేనున్నాను కదా” అంది.

నాన్న కన్నీళ్ళతోనే ఆవిడకి చేతులు జోడించి తలూపాడు.

“ఏటీ అవనేదు చెల్లెమ్మా” అన్నాడు. “నేను లేకపోయినా, ఎవులికీ ఏటీ అవనేదు.”